లీటరు వేరు, కిలో వేరు: ఇంటి సబ్బు వెనక ఉన్న లెక్క

కోనసీమలో ఉండే మా పిన్ని గత వేసవిలో ఇంట్లోనే సబ్బులు చేసింది. దొడ్లో కొబ్బరికాయలకు కొదవలేదు. ఎండుకొబ్బరి గానుగకు పంపి ఆడించిన నూనె సీసాల్లో సిద్ధంగా ఉంది. తెలిసినవాళ్లు ఫోన్లో చెప్పిన కొలతలు ఒక కాగితం మీద రాసుకుంది: నూనె 1, కాస్టిక్ సోడా 180 గ్రాములు, నీళ్లు 360 గ్రాములు. సోడానూ నీళ్లనూ తూకం వేసింది. నూనె మాత్రం లీటరు సీసాతో పోసింది.

సబ్బు చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. తెల్లగా, గట్టిగా, అంచులు పదునుగా. నెల రోజులు ఆరబెట్టాక మొదటి సబ్బుతో చేతులు కడుక్కుంటే చురుక్కుమంది. రెండు రోజులు వాడేసరికి వేళ్ల సందుల్లో చర్మం ఎర్రబడి చిట్లింది. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

"ఏమ్మా, నువ్వు సైన్సు చదివావు కదా, నా సబ్బు ఎందుకు మండుతోందో చెప్పు."

"నూనె ఎంత పోశావు పిన్నీ?"

"ఒక లీటరు."

"వాళ్లు చెప్పింది లీటరా, కిలోనా?"

"రెండూ ఒకటే కదే!"

ఒకటి కాదు. నీటికైతే ఒక లీటరు దాదాపు ఒక కిలో తూగుతుంది. నూనె నీటికంటే తేలిక, అందుకే నీటిమీద తేలుతుంది. లీటరు కొబ్బరి నూనె సుమారు 915 గ్రాములే ఉంటుంది. పిన్ని సబ్బులో తగ్గింది ఆ 85 గ్రాముల నూనే. ఆ కాస్త తేడా చేతులు చిట్లేదాకా ఎలా తీసుకెళ్లిందో అర్థమైతే, ఇంట్లో సబ్బు చేయడంలో అసలు కిటుకు అర్థమైనట్టే. మిగిలినవి, అంటే వాసనలు, రంగులు, డిజైన్లు, ఆ తర్వాతి సంగతులు.

సబ్బు అంటే ఏమిటి?

సబ్బు ఒక లవణం. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం వస్తుందని బడిలో చదువుకున్నాం. ఇక్కడ ఆమ్లం నూనెలోంచి వస్తుంది. నూనె అణువు మూడు కాళ్ల పీటలాంటిది. పైన పలకలా గ్లిజరిన్, దానికి మూడు పొడవాటి కాళ్లలా మూడు కొవ్వు ఆమ్లాలు. ఈ నిర్మాణాన్ని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రుల్ పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో విడమరిచాడు. కొవ్వుల మీద ఆయన రాసిన గ్రంథం 1823లో వచ్చింది. అంతకుముందు వేల ఏళ్లుగా మనుషులు సబ్బు చేస్తూనే ఉన్నారు గానీ, కుండలో ఏం జరుగుతోందో వాళ్లకు తెలియదు.

నూనెలో కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కలిపితే ఆ మూడు కాళ్లూ పలకనుంచి విడిపోతాయి. ఒక్కో కాలికి ఒక్కో సోడియం అతుక్కుంటుంది. అలా ఒక నూనె అణువు, మూడు సోడా అణువులు కలిసి మూడు సబ్బు అణువులు, ఒక గ్లిజరిన్ అణువు అవుతాయి. దీన్నే సపోనిఫికేషన్ అంటారు. పెద్ద ఫ్యాక్టరీల్లో సాధారణంగా గ్లిజరిన్‌ను వేరుచేసి విడిగా అమ్ముకుంటారు. ఇంట్లో చేసిన సబ్బులో అది సబ్బులోనే ఉండిపోతుంది. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ సబ్బు చర్మానికి కాస్త మెత్తగా అనిపిస్తుంది.

మరి మన కుంకుడుకాయ, షీకాయ? అవి నురగ ఇస్తాయి, మురికి తీస్తాయి. కానీ రసాయనికంగా అవి సబ్బులు కావు. వాటిలో ఉండేవి సపోనిన్లు. చాకలివాళ్లు పూర్వం బట్టలుతకడానికి వాడిన చవుడు మన్నులోనిది క్షారం, ముఖ్యంగా సోడియం కార్బొనేటు. అంటే సబ్బుకు కావాల్సిన క్షారం మన ఊరి పొలం గట్టు మీద ఎప్పటినుంచో ఉంది. కాకపోతే కాస్టిక్ సోడా దానికంటే ఎన్నో రెట్లు ఘాటైనది.

మురికి ఎలా వదులుతుంది?

సబ్బు అణువుకు రెండు స్వభావాలు. సోడియం ఉన్న తల నీటిని ఇష్టపడుతుంది. పొడవాటి తోక నీటిని తప్పించుకుని జిడ్డువైపు పోతుంది. జిడ్డు మరక చుట్టూ సబ్బు అణువులు చేరి, తోకల్ని జిడ్డులో గుచ్చి, తలల్ని నీటివైపు పెట్టి గుండ్రటి ముద్దలుగా మారతాయి. వీటిని మిసెల్స్ అంటారు. సబ్బు నీటిలో ఇలాంటి గుంపులు ఏర్పడతాయన్న ఆలోచనను 1913లో జేమ్స్ మెక్‌బైన్ ప్రతిపాదించాడు. నీళ్లు పోస్తే ఆ ముద్దలు జిడ్డును మోసుకుని కొట్టుకుపోతాయి.

సబ్బు చేసే రెండో పని నీటి తలతన్యతను తగ్గించడం. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. కొంచెం సబ్బు పడితే అది సగానికంటే తక్కువకు పడిపోతుంది. అందుకే సబ్బునీళ్లు బట్ట పోగుల్లోకి సులువుగా దూరతాయి. దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. పళ్లెంలో నీళ్లు పోసి పైన మిరియాల పొడి చల్లండి. వేలికి సబ్బు రాసుకుని మధ్యలో తాకండి. పొడి మొత్తం ఒక్కసారిగా అంచులకు పారిపోతుంది.

ఇలాంటి ప్రశ్నలతోనే వంటింటిని ప్రయోగశాలగా మార్చిన మహిళ ఒకరున్నారు. జర్మనీకి చెందిన ఆగ్నెస్ పొకెల్స్. ఆ రోజుల్లో ఆడవాళ్లకు విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం లేక, ఆమె ఇంట్లో దొరికే వస్తువులతోనే నీటి ఉపరితలాన్ని కొలిచే తొట్టి తయారుచేసుకుంది. తన ఫలితాలను భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరంగా రాస్తే, ఆయన దాన్ని 'నేచర్' పత్రికకు పంపారు. 1891లో అది అచ్చయింది. వంటింట్లో సైన్సేమిటి అనేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఏ నూనెకు ఎంత సోడా?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. కిలో చిన్నరసాల్లో ఎన్ని టెంకలుంటాయి? కిలో బంగినపల్లుల్లో ఎన్ని ఉంటాయి? పండు చిన్నదైతే కిలోకు ఎక్కువ పండ్లు తూగుతాయి, టెంకలూ ఎక్కువే. నూనెలూ అంతే. కొబ్బరి నూనెలో ఎక్కువ భాగం 12 కార్బన్ల లారిక్ ఆమ్లం వంటి పొట్టి కొవ్వు ఆమ్లాలు. నువ్వులు, వేరుశనగ నూనెల్లో 18 కార్బన్ల పొడవాటివి ఎక్కువ. కాబట్టి కొబ్బరి నూనె అణువులు తేలిక. ఒక కిలోలో ఎక్కువ అణువులుంటాయి. ఒక్కో అణువుకు మూడు సోడా అణువులు కావాలి కనుక సోడా కూడా ఎక్కువ పడుతుంది.

ఒక గ్రాము నూనెను పూర్తిగా సబ్బుగా మార్చడానికి కావలసిన కాస్టిక్ సోడా సగటున ఇలా ఉంటుంది:

కొబ్బరి నూనె: 0.183 గ్రా.
పామాయిల్: 0.141 గ్రా.
వేప నూనె: 0.137 గ్రా.
వేరుశనగ నూనె: 0.136 గ్రా.
పొద్దుతిరుగుడు నూనె: 0.135 గ్రా.
నువ్వుల నూనె: 0.134 గ్రా.
ఆముదం: 0.128 గ్రా.

నూనె బరువును ఈ అంకెతో గుణించి, వచ్చిన దాంట్లో 5 శాతం తగ్గించాలి. అంటే చివర్లో 0.95తో గుణించాలి. ఈ 5 శాతం తగ్గింపు ఎందుకంటే, పంటనుబట్టి, గానుగనుబట్టి నూనె గుణం కొద్దిగా మారుతుంది. తూకంలోనూ చిన్న తేడాలుంటాయి. కాస్త నూనె మిగిలిపోతే చర్మానికి మేలే. కాస్త సోడా మిగిలిపోతే మాత్రం చేటు.

ఇప్పుడు పిన్ని లెక్క చూద్దాం. కిలో కొబ్బరి నూనెకు 183 గ్రాముల సోడా పడుతుంది. కాగితం మీదున్న 180 గ్రాములు కిలోకు అంచున సరిపోయే కొలత. కానీ ఆమె పోసింది 915 గ్రాములు. దానికి పట్టేది 167 గ్రాముల పైచిలుకే. మిగిలిన పన్నెండున్నర గ్రాముల సోడాకు తోడు దొరకలేదు. అది సబ్బులోనే ఉండిపోయి, చేతిమీదున్న కొవ్వును వెతుక్కుంది.

అందుకే మొదటి సూత్రం: సబ్బు తయారీలో గ్లాసులు, చెంచాలు, లీటర్లు పనికిరావు. నూనె, నీళ్లు, సోడా అన్నీ గ్రాముల్లోనే తూచాలి. కనీసం ఒక గ్రాము తేడాను పట్టుకునే డిజిటల్ త్రాసు ఉండాలి. దుకాణంలో కొన్న నూనె ప్యాకెట్ వెనక చూడండి. ఒక లీటరు పక్కనే గ్రాముల్లో బరువు కూడా అచ్చువేసి ఉంటుంది.

మొదలుపెట్టే ముందు

కాస్టిక్ సోడా వంటింటి వస్తువు కాదు. చర్మాన్ని, కళ్లను తీవ్రంగా కాలుస్తుంది. ఈ నియమాల్లో ఒక్కటి కూడా సడలించకండి.

1. పిల్లలు, పెంపుడు జంతువులు లేని సమయంలో, గాలి బాగా ఆడేచోట పని మొదలుపెట్టండి. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, పాదాలు కప్పే చెప్పులు తప్పనిసరి. చీర కొంగు, చున్నీ బిగించి దోపుకోండి.

2. అల్యూమినియం గిన్నెలు, గరిటెలు వాడకండి. సోడా అల్యూమినియాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. అది మండే వాయువు. స్టీలు గిన్నెలు, వేడికి తట్టుకునే ప్లాస్టిక్ డబ్బాలు మంచివి. వీటిని మళ్లీ వంటకు వాడకండి.

3. సోడాను నీటిలో కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోయకూడదు. పోస్తే ఒక్కచోటే వేడి పుట్టి ద్రావణం ఎగచిమ్ముతుంది.

4. మురుగు కాలువలు శుభ్రం చేసే పొడులు సోడాకు బదులుగా వాడకండి. వాటిలో ఇతర పదార్థాలు కలిసి ఉంటాయి. డబ్బా మీద సోడియం హైడ్రాక్సైడ్ అని, స్వచ్ఛత శాతం రాసి ఉన్నదే కొనండి.

5. సోడా ద్రావణాన్ని మంచినీళ్ల సీసాలోనో కూల్‌డ్రింక్ సీసాలోనో ఎన్నడూ పోయకండి, ఒక్క నిమిషానికైనా సరే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, తాళం వేసి దాచండి.

చర్మం మీద పడితే వెంటనే ధారగా పారే నీటితో కనీసం 20 నిమిషాలు కడగాలి. నిమ్మరసం, వెనిగర్ పూయకూడదు. ఆమ్లం, క్షారం కలిసినప్పుడు పుట్టే వేడి గాయాన్ని ఇంకా పెంచుతుంది. కంట్లో పడితే నీటితో కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు. నోరు కడిగించి, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

500 గ్రాముల నూనెతో ఏడు సబ్బులు

కావలసినవి: కొబ్బరి నూనె 200 గ్రా., పామాయిల్ 150 గ్రా., నువ్వుల నూనె 100 గ్రా., ఆముదం 50 గ్రా. నీళ్లు 150 గ్రా., కాస్టిక్ సోడా 73 గ్రా., ఇష్టమైతే సుగంధ తైలం 10 గ్రా.

సోడా 73 గ్రాములు ఎలా వచ్చింది? 36.6, 21.15, 13.4, 6.4 కలిపితే 77.55. దాన్ని 0.95తో గుణిస్తే 73.67. త్రాసు ఒక గ్రాము వరకే చూపిస్తుంది కనుక తక్కువవైపుకే సర్ది 73 అనుకున్నాం. సోడాను ఎప్పుడూ కిందికే సర్దాలి. ఈ లెక్క ఒకసారి కాగితం మీద మీరే చేసి చూడండి. తర్వాత ఏ నూనె మార్చినా భయం ఉండదు.

ఒక్కో నూనెకూ ఒక్కో పని ఉంది. కొబ్బరి గట్టిదనాన్ని, బాగా నురగను ఇస్తుంది. మరీ ఎక్కువైతే చర్మాన్ని పొడిబారుస్తుంది. పామాయిల్ సబ్బు తొందరగా అరిగిపోకుండా చూస్తుంది. నువ్వుల నూనె మెత్తదనాన్నిస్తుంది. ఆముదం నురగను నిలబెడుతుంది.

తయారీ: నీటికి డిస్టిల్డ్ వాటర్ వాడండి. బోరు నీళ్లు వద్దు, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి. స్టీలు గిన్నెలో 150 గ్రాముల నీళ్లు తీసుకుని, సోడాను కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. స్టవ్ లేకుండానే ద్రావణం 80 డిగ్రీలదాకా వేడెక్కగలదు. ఇంత సోడా ఇంత నీటిలో కరిగితే సుమారు 65 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. గది ఉష్ణోగ్రతలో ఉన్న ఒక గ్లాసు నీటిని మరిగించడానికి దాదాపు అంతే కావాలి. ఆ ఆవిరిని పీల్చకండి. పక్కన పెట్టి చల్లారనివ్వండి.

మరో గిన్నెలో నూనెలన్నీ కలిపి కాస్త వెచ్చచేయండి. నూనె, ద్రావణం రెండూ 40 నుంచి 45 డిగ్రీల మధ్యకు వచ్చాక ద్రావణాన్ని నూనెలో సన్నని ధారగా పోస్తూ గరిటెతో కలపండి. హ్యాండ్ బ్లెండర్ ఉంటే కొన్ని సెకన్లు తిప్పడం, కొన్ని సెకన్లు ఆపి చేత్తో కలపడం చేయండి. మిశ్రమం పాలలా మారి, తర్వాత దోసెల పిండిలా చిక్కబడుతుంది. గరిటె ఎత్తి జార్చినప్పుడు పడిన గీత ఒక్క క్షణం పైన నిలబడాలి. దీన్నే ట్రేస్ అంటారు. నూనె, నీళ్లు ఇక విడిపోవని దీని అర్థం. సుగంధ తైలం, రంగు కలిపే సమయం ఇదే.

బటర్ పేపర్ పరిచిన చెక్క పెట్టెలోగానీ సిలికాన్ అచ్చులోగానీ పోసి, పైన అట్టముక్క మూసి, తువ్వాలు కప్పండి. ఒక రోజు కదపకండి. చర్య లోపల సాగుతూనే ఉంటుంది, వేడి పుడుతూనే ఉంటుంది. 24 నుంచి 48 గంటల తర్వాత తొడుగులు వేసుకునే బయటికి తీసి ముక్కలు కోయండి.

ఆరబెట్టడం అంటే ఎండబెట్టడం కాదు

రెండు రోజులకు చర్య చాలావరకు పూర్తవుతుంది. అయినా నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. నీడలో, గాలి తగిలేచోట, ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు సందు వదిలి పెట్టండి. ఎండలో పెడితే నూనె తొందరగా ముక్కిపోతుంది. ఈ వారాల్లో నీరు ఆవిరై సబ్బు గట్టిపడుతుంది. తడిగా ఉన్నప్పుడు వాడితే రెండు స్నానాలకే కరిగిపోతుంది.

ఎన్నాళ్లు ఆరబెట్టాలో క్యాలెండరు కంటే త్రాసు బాగా చెబుతుంది. ఒక ముక్క మీద గుర్తు పెట్టి వారానికోసారి తూచండి. మొదట్లో బరువు గబగబా తగ్గుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. రెండు వారాల తూకాల మధ్య తేడా లేకపోతే సబ్బు సిద్ధం. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే ఈ అంకెలతో గ్రాఫు గీయించండి. కోస్తా ఊళ్లలో గాలి తేమగా ఉంటుంది కనుక ఎక్కువ కాలం పడుతుంది. వర్షాకాలంలో సబ్బు మీద చెమటలా నీటి బొట్లు కనిపిస్తే కంగారుపడకండి, అది గ్లిజరిన్ గాలిలోంచి లాక్కున్న తేమ.

సోడా మిగిలిందో లేదో ఎలా తెలుస్తుంది? తడి సబ్బుకు పీహెచ్ పట్టీ అద్దండి. 9 నుంచి 10 వరకు మామూలే. 11 దాటితే ఒంటికి వాడకండి. కాలేజీ ల్యాబులో అయితే సబ్బు తురుమును స్పిరిట్‌లో కరిగించి ఒక చుక్క ఫినాఫ్తలీన్ వేస్తారు. గులాబీ రంగు వస్తే విడి సోడా ఉన్నట్టు.

పసుపుతో పరీక్షిస్తే చాలని కొందరంటారు. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, నిజమే. పెళ్లిళ్లలో పసుపు, సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణంతోనే. కానీ మంచి సబ్బు కూడా క్షారమే. కనుక పసుపు ఏ సబ్బుకైనా ఎర్రబడుతుంది, మంచి సబ్బుకూ మండే సబ్బుకూ తేడా చెప్పలేదు. ఇదే కారణంగా, నిజమైన సబ్బుకు పీహెచ్ 7 ఉండదు. మరీ ఆమ్లం కలిపి తగ్గించబోతే సబ్బు విరిగి మళ్లీ కొవ్వు ఆమ్లం అవుతుంది.

వాసన నిలవాలంటే

సబ్బు అచ్చులో మల్లెపూలు వేస్తే మల్లె వాసన రాదు. సోడా ముందు పువ్వు నిలవదు, రెక్కలు గోధుమ రంగుకు తిరిగి వాడిపోతాయి. అందుకే వాసనకు ఆవిరి పట్టి తీసిన తైలాలు వాడతారు.

ఏ వాసన ఎంతకాలం ఉంటుందన్నది అణువు బరువు మీద ఆధారపడుతుంది. నిమ్మ, బత్తాయి తొక్కల తైలంలోని లిమోనీన్ తేలికైన అణువు. చప్పున ఆవిరైపోతుంది. సబ్బు ఆరేలోపే వాసన సగం ఎగిరిపోతుంది. వట్టివేరు, గంధం తైలాల్లోని అణువులు బరువైనవి, నెమ్మదిగా బయటికొస్తాయి. నిమ్మగడ్డి తైలంలో కొంచెం వట్టివేరు తైలం కలిపితే రెండూ కలిసి కాస్త ఎక్కువకాలం నిలుస్తాయి.

మోతాదు మించకండి. 500 గ్రాముల నూనెకు 10 గ్రాములు చాలు. సహజమైనదంటే సురక్షితమైనదని కాదు. నిమ్మగడ్డి, దాల్చిన చెక్క, లవంగ తైలాలు కొందరి చర్మానికి పడవు. పైగా లవంగ తైలంలోని యూజినాల్ సోడాతో కలిసి మిశ్రమాన్ని క్షణాల్లో గడ్డకట్టిస్తుంది, అచ్చులో పోసే వ్యవధి కూడా ఉండదు. పసిపిల్లల కోసమైతే ఏ వాసనా కలపకండి.

రంగులు, డిజైన్లు

మందార ఎరుపు, శంఖుపువ్వు నీలం సబ్బులో నిలవవు. అవి క్షారంలో రంగు మార్చుకునే వర్ణకాలు. పసుపు పొడి కొద్దిగా వేస్తే ముదురు నారింజ వైపు తిరుగుతుంది. నిలకడైన రంగులకు బొగ్గు పొడి నలుపుకు, ఎర్ర మట్టి ఎరుపుకు, ముల్తానీ మట్టి లేత గోధుమకు బాగుంటాయి. కొత్తగా కొనే రంగు పొడులు సౌందర్య సాధనాలకు అనుమతించినవో కాదో చూడండి. ముగ్గు రంగులు, హోలీ రంగులు వాడకండి.

డిజైన్ అంతా ట్రేస్ మీదే ఆధారపడుతుంది. పలచగా ఉన్నప్పుడు రెండు రంగుల మిశ్రమాలను ఒకదానిలో ఒకటి పోసి, పుల్లతో ఒక్కసారి తిప్పితే పాలరాతి చారలు వస్తాయి. ఎక్కువసార్లు తిప్పితే రంగులు కలిసిపోయి మసకబారతాయి. పొరలు పొరలుగా కావాలంటే చిక్కబడ్డాక పోయాలి. కింది పొర బరువును మోసేంత గట్టిపడ్డాకే రెండోది, అదీ గరిటె మీదుగా జారుస్తూ పోయండి. పైన ముద్ర వేయాలంటే కోసిన మర్నాడు వేస్తే అంచులు శుభ్రంగా వస్తాయి.

పైన తెల్లటి పొడి కనిపిస్తే? విడి సోడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఏర్పడిన సోడియం కార్బొనేటు అది. అంటే మన చాకలి సోడాయే. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. అచ్చును బాగా మూసి ఉంచితే రాదు.

పాలు, తేనె వేయాలనుకునేవారికి ఒక మాట. పాలలోని చక్కెర వేడి ద్రావణంలో మాడి గోధుమ రంగుకు తిరుగుతుంది. పాలను ముందే ఐసు ముక్కలుగా గడ్డకట్టించి, నీటికి బదులుగా వాటిమీద సోడాను అతినెమ్మదిగా చల్లాలి. నాలుగైదుసార్లు మామూలు సబ్బు చేశాకే దీని జోలికి వెళ్లండి.

పిల్లలతో కలిసి చేయాలంటే

వాళ్ల చేతికి కాస్టిక్ సోడా ఇవ్వకూడదు. దానికి బదులు బజార్లో దొరికే సబ్బు బేస్ కొనండి. అందులో సపోనిఫికేషన్ ముందే పూర్తయి ఉంటుంది. ముక్కలు కోసి, వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి పెద్దవాళ్లు కరిగించాలి. మరిగించకూడదు. రంగు, వాసన కలిపి అచ్చులో పోస్తే రెండు మూడు గంటల్లో సిద్ధం. రంగులు, పొరల పని నేర్చుకోవడానికి పెద్దవాళ్లకూ ఇదే మంచి మొదటి మెట్టు.

అమ్మాలనుకుంటే

సబ్బు బాగా కుదరగానే ఇరుగుపొరుగు అడుగుతారు. స్వయం సహాయక బృందాల మహిళలు చాలామంది దీన్ని ఉపాధిగా ఎంచుకుంటున్నారు. సొంతానికి చేసుకోవడం వేరు, అమ్మడం వేరు. మన దేశంలో ఒంటి సబ్బు సౌందర్య సాధనాల కిందికి వస్తుంది. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం తయారుచేసి అమ్మడానికి రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి అనుమతి ఉండాలి. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, వాడిన పదార్థాలు రాయాలి. ఈ సబ్బు తామర తగ్గిస్తుంది, సోరియాసిస్ నయం చేస్తుంది అని రాస్తే అది సౌందర్య సాధనం పరిధి దాటిపోతుంది.

భారతీయ ప్రమాణాల ప్రకారం టాయిలెట్ సబ్బులకు మొత్తం కొవ్వు పదార్థం ఆధారంగా మూడు గ్రేడులు ఉన్నాయి. మొదటి గ్రేడుకు కనీసం 76 శాతం, రెండో దానికి 70, మూడో దానికి 60. దుకాణంలో సబ్బు కొనేటప్పుడు ఈ అంకె చూడటం అలవాటు చేసుకోండి.

అమ్మినా అమ్మకపోయినా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ తేదీన, ఏ నూనె, ఎన్ని గ్రాములు, ఎంత సోడా, ఎంత ఉష్ణోగ్రత అన్నీ రాయండి. మూడు నెలల తర్వాత సబ్బు మీద నారింజ మచ్చలు వస్తే, అది నూనె ముక్కిపోయిన గుర్తు. పొద్దుతిరుగుడు వంటి నూనెలు ఎక్కువైతే ఇలా జరుగుతుంది. నోట్‌బుక్ ఉంటే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

పిన్ని సబ్బు ఏమైంది?

పిన్ని కూడా చేసిందంతా రాసి పెట్టుకోవడం వల్లే ఆ సబ్బును కాపాడగలిగాం. సోడా 180 గ్రాములని కచ్చితంగా తెలుసు. 5 శాతం మినహాయింపుతో అంత సోడాకు 1035 గ్రాముల కొబ్బరి నూనె ఉండాలి. ఉన్నది 915. తక్కువైంది 120 గ్రాములు. తొడుగులు, కళ్లద్దాలు వేసుకుని సబ్బులన్నీ తురిమి, కాసిని నీళ్లు చల్లి, వేడినీళ్ల గిన్నెలో పెట్టిన స్టీలు గిన్నెలో సన్నని సెగ మీద కరిగించి, త్రాసు మీద తూచిన 120 గ్రాముల నూనె కలిపాం. గంటసేపు కలుపుతూనే ఉన్నాం. ఉడికిన గుమ్మడికాయ ముద్దలా అయ్యాక అచ్చులో కుక్కాం.

రెండోసారి ఆరాక పీహెచ్ పట్టీ 9, 10 మధ్య చూపించింది. కొలతలు తెలియని సబ్బునైతే ఇలా కాపాడే ప్రయత్నం చేయకూడదు, పారేయడమే మేలు. పైన గరుకుగా ఉన్నా, పిన్ని చేతులు మళ్లీ మండలేదు.

పోయిన నెల వెళ్లినప్పుడు ఆమె సబ్బుల గదిలో గోడకు ఒక కొత్త కాగితం అతికించి ఉంది. మొదటి వరుసలో, ఎర్ర సిరాతో రాసుకుంది: "నూనె 1000 గ్రాములు. లీటరు కాదు."